బామ్మర్ది లీవు

రిక్కార్టన్ పేటలోని ఇండియన్ షాపులో బియ్యం బస్తాల పక్కన సుదర్శనం వచ్చి నిలబడ్డాడంటే షేర్ మార్కెట్ తెరుచుకున్నట్టే. ముందు కళ్లద్దాలు తీసి జాకెట్ అంచుతో తుడుస్తాడు. తర్వాత రహస్యం చెబుతున్నట్టు గొంతు తగ్గిస్తాడు, షాపు ఆ చివరున్న వాళ్లకు కూడా వినబడేలా. ఒక చిప్ కంపెనీ మీద ఆయనకు మహా గురి. బామ్మర్ది హైదరాబాద్‌లో దాని ఆఫీసులోనే పనిచేస్తాడు మరి. "వానికి పండుగకు లీవియ్యలేదంటే ఏంది? కొత్త ప్రాసెసర్లు జోరుగ తయారైతున్నయన్నట్టే. ఈ క్వార్టర్ లాభాలు సూడుండ్రి!" అంటాడు. ఆ బామ్మర్ది అక్కడ చూసేది జీతాల లెక్కలని మాత్రం ఎవరికీ చెప్పడు.

మొన్న పొద్దున ఆ క్వార్టర్ ఫలితాలు వచ్చాయి, షేరు దబ్బున పడింది. వృద్ధాశ్రమంలో నర్సుగా చేసే నిఖిత సాయంత్రం డ్యూటీ బట్టల్లోనే షాపుకొచ్చి, "ఇల్లు కొనేందుకు దాచిందంత అండ్లనే పెట్టిన గదన్నా, ఇప్పుడెట్ల?" అంది. సుదర్శనం తొణక్కుండా అందరి ముందూ బామ్మర్దికి ఫోన్ కలిపి స్పీకర్‌లో పెట్టాడు.

"మా టీమ్‌ల సగం మందిని ఎప్పుడో తీసేసిన్రు బావా. వాళ్ల పని గూడ నా మీద పడ్డది, అందుకే లీవియ్యలే. ఇప్పుడే నన్ను గూడ తీసేసిన్రు," అన్నాడు బామ్మర్ది.

సుదర్శనం కళ్లద్దాలు తీసి తీరిగ్గా తుడుచుకున్నాడు.

"ఇన్నవా చెల్లె? ఖర్చు తగ్గించుకుంటున్నరు. వచ్చే క్వార్టర్ లాభాలే లాభాలు. ఇంకిన్ని కొను."

బామ్మర్ది ఇంకా లైన్‌లోనే ఉన్నాడు.