నేల తాకని బూట్లు

మా అన్న పోయాడని కృష్ణగిరి బస్సు కండక్టరు హోసూరులో మా ఇంటికొచ్చి చెప్పిపోయాడు. నాకు ఏడుపు రావాల్సింది. కానీ కర్మ అయిపోయినా ఇంకా ఒళ్ళు మండుతూనే ఉంది. అందుకే రాస్తున్నాను.

అన్న కృష్ణగిరి బస్టాండు దగ్గర, ఆఫీసర్లు సూటు మీద వేసుకునే తోలుబూట్లు కుట్టేవాడు. నా పెళ్ళయ్యేదాకా పక్కన కూర్చుని పైతోలు నేనే కుట్టేదాన్ని. ఎవరైనా బూటు చేతికిస్తే పైమెరుగు చూస్తారు. ఆయన తిరగేసి అడుగు అట్ట చూసేవాడు. మడమకూ ముందరిభాగానికీ మధ్య అట్ట సన్నబడే చోటుని నడుము అనేవాడు. లోపల ఇనుపబద్ద పెట్టి, అంచుని వాలుగా చెక్కి, కొయ్యమేకులు దిగ్గొట్టి, మైనం రాసి వేడి ఇనుముతో రుద్దేవాడు. ఎవరికీ కనపడని చోటికి ఇంత చాకిరీ ఎందుకని నేను విసుక్కునేదాన్ని.

"మడమ నేల మీదుంటాది, ముందర నేల మీదుంటాది. నడుము ఒకటే గాల్లో ఉండి మోస్తాది. ఆడ దొంగపని చేసినానంటే బూటు ఒంగిపోతాదమ్మా" అన్నాడు ఒకసారి.

అట్ట మార్చమని పాతబూట్లు వస్తే పిలిచి మరీ చూపించేవాడు. ముందరా మడమా అరిగిపోయి ఉండేవి. నేల తాకని నడుము మాత్రం కొత్తదానిలా మెరిసేది. అది చూసినప్పుడే ఆయన నవ్వేది. మిగతా వేళల్లో టీ తెచ్చినవాడి చెప్పుల్నీ వదలకుండా తిట్టేవాడు.

కూతురి పెళ్ళికని తనకూ ఒక జత కుట్టుకున్నాడు. మా ఊళ్ళో మా వాడవాళ్ళు పెద్దవీధిలో నడిస్తే చెప్పులు విప్పి చేతబట్టుకోవాలి. అన్న బూట్లు తొడుక్కుని ఇంకా గడప దాటలేదు, అవి వేసుకుని రావద్దని ఆ వీధి పెద్దరైతు కబురు పంపాడు. ఆ రోజు ఆ రైతు కాళ్ళకున్నవీ మా అన్న కుట్టిన బూట్లే. సిగ్గన్నది ఉండొద్దా? అన్న వాటిని విప్పి, గుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టేశాడు. మళ్ళీ తీయలేదు.

శవానికి స్నానం చేయించాక ఆ జత నేనే తొడిగాను. మావాళ్ళే భయపడి వద్దన్నారు, వినలేదు. ఆడవాళ్ళు పాడె వెంట పోకూడదన్నారు, అదీ వినలేదు.

శ్మశానం బాట పెద్దవీధి మొగదల మీదుగా పోతుంది. అక్కడ పెద్దరైతు పాడెకు అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. ముసలివాడైనా గొంతు తగ్గలేదు. బూట్లు తీస్తేనే దారి అన్నాడు. మోసేవాళ్ళు ఆగిపోయారు. మేమెవరమూ ఆయన్ని సామీ అని తప్ప పిలిచి ఎరగం.

"నడిచేది మాయన్న కాదప్పా. మోసేవాళ్ళు వట్టికాళ్ళతోనే ఉండారు, చూసుకో" అన్నాను.

ఆయన కిందికి చూడలేదు. పాడె మీద అన్న కాళ్ళు ముందుకున్నాయి. ఆ బూట్ల అడుగులు సరిగ్గా ఆయన మొహానికి ఎదురుగా ఉన్నాయి. కాసేపు వాటినే చూసి, పక్కకు జరిగాడు.

పాడె కదిలింది. ముందర, నడుము, మడమ మూడూ ఒకే తీరుగా ఎండలో మెరుస్తున్నాయి. ఎక్కడా ఒక్క గీత లేదు.