జేజి ఒక్కపొద్దు

డాక్టరమ్మ మా పాప కింది రెప్ప లాగి చూసింది. లోపల ఎరుపన్నదే లేదు, ఉతికి ఆరేసిన గుడ్డలా ఉంది. "మాత్రలు ఇచ్చినా రక్తం పెరగకపోగా తగ్గింది. ఎనిమిది ఉన్నది ఏడున్నరకు వచ్చింది. ఇంకా దిగితే కడప పెద్దాసుపత్రికి పోయి రక్తం ఎక్కించుకోవాల్సిందే. అసలు పిల్లకు సరిగ్గా తినిపిస్తున్నారా?" అని నా వైపు చూసింది.

బద్వేలు ఆసుపత్రి బల్ల మీద కూర్చున్న నాకు ఒళ్లు మండింది. నేను అంగన్‌వాడీ టీచర్ని. పిల్లలకు గుడ్డు పెట్టండి, ఆకుకూర పెట్టండి అని ఊరంతా తిరిగి చెప్పే మనిషిని. నన్నా ఈమె అడిగేది? కానీ ఆ కోపం కింద భయం ఉంది. మూడో తరగతి పిల్ల బడికి పోతూ పోతూ దారిలో చతికిలబడుతోంది. ఆటల పీరియడ్‌లో అరుగు మీద నిద్రపోతోంది. దీపం కిందే చీకటని నలుగురూ నవ్వుతారన్న సిగ్గు సంగతి దేవుడెరుగు, పిల్లకేమవుతుందోనన్న దిగులే నన్ను నిలవనివ్వడం లేదు.

మందు ఇవ్వడంలో నా లోపం లేదు. పొద్దున టిఫిను తిన్నాక ఐరన్ మాత్ర నా చేత్తోనే మింగిస్తాను. బడికి చేరేలోపు పాప కక్కేస్తుంది. ఈ మాత్ర బిడ్డకు పడటం లేదని పాప జేజి, అంటే మా అత్త, అంటుంది. కడుపు నిండా తిన్నాక వేస్తే ఇట్లా కక్కరని డాక్టరమ్మ. తిన్నాకే వేస్తున్నానని నేను. ఆ వాదన ఇంటికొచ్చినా తెగలేదు.

అవి శ్రమల దినాలు. మాది తాతల కాలం నుంచి చర్చికి పోయే ఇల్లు. ఈస్టరుకు ముందు ఆ నలభై దినాలూ మా అత్త నీసు ముట్టదు, పొద్దున పచ్చి మంచినీళ్లతో సరిపెట్టుకుంటుంది. ఒక్కపొద్దన్నమాట. ఆ ఏడు ఇంకో మెట్టెక్కి, ఇంట్లో పొయ్యి మీదికే నీసు రాకూడదంది. "బిడ్డకు రక్తం రావాలని మొక్కుకున్న్యా. బడిలో గుడ్డు పెడతానే ఉండారు గదా" అంది. మా ఆయన సిమెంటు పనికి బెంగళూరు పోయి ఉన్నాడు, ఇంట్లో మేం ముగ్గురమే. డాక్టరమ్మ మేక కార్జం పెట్టమంటుంది, అత్త మొక్కు అంటుంది. బడిలో గుడ్డు ఉందిలెమ్మని నోరు మూసుకున్నాను. నేను నోరు మూసుకోవడమంటే మా వీధిలో వింతే.

ఆసుపత్రి నుంచి వచ్చిన మరుసటి పొద్దున పాప ఉప్మా తట్ట పట్టుకొని ఎప్పటిలాగే పెరట్లోకి పోయింది. గాలికి కూర్చొని తింటానంటుంది. నేను వంటింటి కిటికీలోంచి చూస్తున్నాను. పాప గడప దాటీ దాటకముందే పక్కింటి కోళ్లన్నీ గోడ దూకి పరిగెత్తుకొచ్చాయి. కోళ్లు ఊరికే రావు. రోజూ తిండి చల్లే చెయ్యి కనపడితేనే అట్లా వస్తాయి. చూస్తుండగానే పాప ఉప్మా అంతా వాటి ముందు వంచేసి, తట్ట కడుక్కొని, మాత్ర కోసం నా దగ్గరికొచ్చి నోరు తెరిచింది.

నా చెయ్యి లేచింది. పాలిపోయిన ఆ చెంప చూసి ఆగింది.

"ఎన్నాళ్లనుంచే ఈ పని?" అన్నాను.

పాప బెదరలేదు. "జేజి మొక్కుకున్నా రక్తం రాల్యా గదమ్మా. జేజి ఒక్కతే ఉంటే సాలదేమోనని నేను గూడా ఒక్కపొద్దు ఉంటాండా."

"మరి బడిలో గుడ్డు?"

"పక్కనుండే పిల్లకు ఇస్తాండా."

నడవలో బియ్యం చెరుగుతున్న మా అత్త చేట ఆగిపోయింది. ఇక నా నోరు ఆగలేదు. "సూడత్తా నీ మొక్కు! బిడ్డ ఎండిపోతాండాది" అని అరిచాను. అనరానివీ అన్నాను. ఆమె తల వంచుకొని చేట పక్కన పెట్టింది. మాట పడే మనిషి కాదు మా అత్త. అందుకే నాకు ఇంకా భయమేసింది.

పాపను కూర్చోబెట్టి తినమంటే పళ్లు బిగించింది. మొక్కు చెడిపోతే రక్తం రాదని ఒకటే ఏడుపు. బతిమాలాను, బెదిరించాను. పాప మెడ దగ్గర నరం టపటపా కొట్టుకుంటోంది. ఇంకా ఏడిస్తే పడిపోతుందేమోనని నేనే వెనక్కి తగ్గాను.

అత్త లేచి చెంగు కప్పుకొని బయటికి పోయింది. చర్చికి పోయిందనుకున్నాను. కాసేపటికి చేతిలో పొట్లంతో తిరిగొచ్చింది. మేక కార్జం. శ్రమల దినాల్లో, అదీ శుక్రవారం! బాణలి తనే పెట్టి, మిరియాలపొడి చల్లి వేయించింది. పాప ఎదురుగా మఠం వేసుకొని కూర్చొని మొదటి ముక్క తన నోట్లో పెట్టుకుంది. ఆ ముక్క మింగడానికి ఆమెకు చాలాసేపు పట్టింది.

పాప ఏడుపు మాని చూస్తోంది. "జేజీ, దేవునికి కోపం రాదా?"

"వస్తే నా మీదికి వస్తాదిలే. మొక్కుకునింది నేను గదా. నువ్వు తిను నాయనా."

పాప తినింది. ఆ పూట వేసిన మాత్ర కడుపులోనే నిలిచింది. ఆ తర్వాత రోజూ తట్ట ఖాళీ అయ్యేదాకా మా అత్త పాప ఎదురుగానే కూర్చునేది, తనూ తింటూ.

ఈస్టరు నాడు చర్చిలో రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడానికి అందరూ ప్రభువు బల్ల దగ్గరికి లేచారు. ఏటా ముందు వరసలో ఉండే మా అత్త తలుపు దగ్గర, చివరి చాప మీద కూర్చొని ఉంది. రమ్మన్నాను.

"మాట తప్పినదాన్ని, ఏం మొగం పెట్టుకొని వచ్చేది? నువ్వు పొయ్యి రామ్మే" అంది. ఆమె గొంతులో ఏడుపు లేదు. నాకే వచ్చింది. పోబుద్ధి కాక ఆమె పక్కనే కూలబడ్డాను.

పాప వచ్చి మా ఇద్దరి మధ్యలో దూరింది. అత్త దాని మొహాన్ని తలుపు వెలుతురులోకి తిప్పి, డాక్టరమ్మ చేసినట్టే కింది రెప్ప మెల్లగా లాగింది.

"ఎర్రగా ఉండాదా, నా కండ్లకే అట్ల కనపడతాండాదా?" అని నన్నడిగింది.

వంగి చూశాను. "ఉండాదత్తా" అన్నాను.