లేని నవలకు ముగింపు

ఎవరైనా నా రాత బాగుందంటే నాకు వెంటనే అనుమానం వస్తుంది. అమ్మ బాగుందంటే అమ్మ కాబట్టి అంది. స్నేహితురాలు బాగుందంటే రేపు తన కవిత్వం నేను చదవాలి కాబట్టి అంది. అందుకే ఏడాదిగా రాస్తున్న దయ్యాల నవల గురించి ఎవరికీ చెప్పలేదు. ముగింపు ఒక్కటే మిగిలింది. ఇన్నాళ్ళ కష్టం పనికొస్తుందో లేదో తెలియకుండా అది రాయడానికి చెయ్యి సాగలేదు.

యూనివర్సిటీలో మాకొక గుంపు ఉంది. ఆదివారం పొద్దున లైబ్రరీ మెట్ల మీద కూర్చుని దయ్యాలు, మాయలు, గ్రహాంతరవాసుల పుస్తకాలు ఒకరికొకరు అంటగట్టుకుంటాం. కథ సగమే చెప్పాలి. భయం ఎక్కడ మొదలవుతుందో అక్కడ ఆపేసి, "ఇక చదువుకోండి" అనాలి. ఎవరూ పైకి చెప్పని నియమం ఇంకోటుంది. "నేను చదవలేదు" అని మాత్రం అనకూడదు. అన్నవాళ్ళు ఆ పూటకు చులకనైపోతారు.

గుంపుకు పెద్ద ఒక సీనియర్. ఆయన పీహెచ్‌డీ ఎప్పటికి ముగుస్తుందో ఆయన గైడుకే తెలియదు. అందరం అన్నా అంటాం. ఆయన చదవమన్నది చదివాను, వద్దన్నది ముట్టుకోలేదు.

నా నవలనే ఎవరో రాసిన పుస్తకమని చెబితే? మొహమాటాలుండవు, ఉన్నమాట బయటికొస్తుంది. ఒక ఆదివారం, పాత పుస్తకాల బండి మీద దొరికిందని, అట్ట చిరిగి రచయిత పేరు పోయిందని మొదలుపెట్టాను. హబ్సిగూడలో నాలుగంతస్తుల అపార్ట్‌మెంటు. ఒకరోజు లిఫ్టులో ఐదో బటన్ కనిపిస్తుంది. ఒకాయన నొక్కి పైకెళ్తాడు. కాసేపటికి దిగొచ్చి, భార్యను చూసి నవ్వి, అన్నానికి కూర్చుంటాడు. ఎడమచేత్తో కలుపుతాడు. అక్కడ ఆపాను. మెట్ల మీద ఎవరూ కదల్లేదు.

"ఏ, గిది నేను చదివిన," అన్నాడు అన్న.

"నేను గూడ. ఇంటర్‌ల చదివిన," అంది మల్కాజ్‌గిరి నుంచి వచ్చే అమ్మాయి.

ఒళ్ళు మండిపోయింది. ఆయన పనికిరాదన్న పుస్తకాల్లో అసలు తెరిచినవెన్ని? ఆయన మాట నమ్మి నేను వదిలేసినవెన్ని? కానీ నిలదీస్తే నవల నాదని ఒప్పుకోవాలి. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. కాసేపే. ఎలాగైనా ఆయన అబద్ధం బయటపెట్టాలని గొంతులో తేనె పోసుకుని అడిగాను.

"అన్నా, నా పుస్తకంలో చివరి పేజీలు లేవు. ఈ ఒక్కసారికి ముగింపు చెప్పరూ?"

తడబడతాడని కళ్ళార్పకుండా చూశాను. ఆయన తాపీగా చాయ్ గుటకేశాడు.

"ఏమున్నది? ఆయన భార్య గూడ పైకి పోతది. ఆడ తలుపు తీసేది ఆమె మొగుడే. కిందికొచ్చినోడు వేరేటోడు. ఆమె ఉరుక్కుంట వచ్చి లిఫ్టుల దిగుతది. బిడ్డ చూసి, 'నువ్వు మా అమ్మవు కాదు' అంటది. గంతే. మొదలు మస్తుంటది గని, ఆఖరు ఎవడైనా చెప్తడు."

నేను రాయబోయేది అదే. బిడ్డ మాటతో సహా. ఇలాంటిది తెలుగులో ఇంకెవరికీ తట్టి ఉండదని ఏడాదిగా లోలోపల మురిసిపోయాను. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

తార్నాక మెట్రో దాకా అందరం కలిసి నడిచాం. అన్న నా పక్కకొచ్చాడు.

"ఏందమ్మా, గట్లున్నవ్?"

"ఏం లేదన్నా."

"రాసినోళ్ళు ఎవరో గని, ఆఖరు ఒక్కటి మార్చుకుంటే మంచిగుంటది."

నాదని పసిగట్టాడా? ఆయన ముఖంలోకి పరీక్షగా చూశాను. ఆయన మెట్రో కార్డు కోసం జేబులు తడుముకుంటున్నాడు. తెలిసి అన్నాడో, తెలియక అన్నాడో ఇప్పటికీ తేల్చుకోలేదు.

రైలెక్కాక ఏడుపు ఆగలేదు. ఆ ముగింపు తప్ప నా దగ్గర ఇంకొకటి లేదు.