పచ్చగుండు అన్న నోరు

నా చిన్నప్పుడు మా ఊళ్ళో 'పచ్చగుండు' అన్న దీవెనకు కొదవ లేదు. ఎవరి కాళ్ళు మొక్కినా అదే మాట. మా నాయనమ్మ మాత్రం ఊరికే అనేది కాదు. కొంగున ముడేసుకున్న పుంటికూర, అదే గోంగూర, గింజలు ముందు చేతిలో పోసేది, ఆ తర్వాతే దీవించేది.

మాది ధర్మాబాద్ పక్కన చిన్న పల్లె. గుంటెడు భూమి కూడా లేక పటేలు చేనులో కూలికి పోయేవాళ్ళం. కూలివాళ్ళు ఆ చేను గట్టున ఒక వరుస పుంటికూర వేసుకోవచ్చన్నది అక్కడి ఆనవాయితీ. వానాకాలమంతా మా జొన్నరొట్టెకు అదే తోడు. ఒక ఏడు మా అమ్మ జ్వరంతో పడిపోయి కలుపుకు పోలేదు. పటేలుకు అది చాలింది. ఎద్దులను గట్టు మీదికి తోలించి, వరుసంతా మేపించి, మిగిలింది తొక్కించాడు. తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. జ్వరమొచ్చిన మనిషి నోటికాడి కూడు మీద కోపం తీర్చుకునేవాణ్ణి ఏమనాలి? తిట్టడానికి కూడా సరైన తిట్టు దొరకదు.

మరునాడు ఎద్దులకు పూజ చేసే పొలాల పండుగ. కొమ్ములకు రంగులేసిన ఆ ఎద్దులనే ఇంటింటికీ తిప్పుతూ పటేలు మా గుమ్మం ముందుకూ వచ్చాడు. నాయనమ్మ వాటి కాళ్ళు కడిగి, బొట్టు పెట్టి, నైవేద్యం తినిపించింది. మూగజీవాల మీద ఆమెకేం కోపం? అప్పుడు పటేలు చెయ్యెత్తి, "పచ్చగుండుండ్రి" అన్నాడు. నేను అలవాటుగా అతని కాళ్ళు మొక్కబోయాను. నాయనమ్మ నా రెక్క పట్టి వెనక్కి లాగింది.

ముందురోజు గట్టున ఏరుకొచ్చి చూరు కింద పెట్టిన పుంటికూర కాడలు, నలిగినవి నలిగినట్టే, తెచ్చి అతని ముందు పడేసింది.

"వరుసెడు కూరనే పచ్చగుండనియ్యకపోతివి పటేలా, మమ్ముల్నేం పచ్చగుంచుతవ్? నీ దీవెన నువ్వే తీస్కపో."

పటేలు ఎద్దులను తోలుకుని వెళ్ళిపోయాడు.

ఆ చేనులో మాకు మళ్ళీ పని దొరకలేదు. నాయనమ్మ పొరుగూళ్ళ చేలకు నడిచి వెళ్ళింది, మా గోడ వెంబడే గింజలు చల్లింది. ఆ మాట అన్నందుకు ఒక్కనాడూ బాధపడలేదు.

ఇప్పుడు నాందేడ్‌లో మనవల దగ్గర ఉంటున్నాను. నా కొంగున కూడా నాలుగు గింజలుంటాయి. ఓట్లప్పుడు వచ్చి దండం పెట్టేవాళ్ళు, పెళ్ళిళ్ళలో మైకు పట్టుకునేవాళ్ళు, అందరూ మమ్మల్ని పచ్చగా ఉండమనేవాళ్ళే. ఆ మాట వినగానే నా చూపు వాళ్ళ కాళ్ళ మీదికి పోతుంది, ఏం తొక్కి వచ్చారోనని.