సున్నం కింది గీత

గోడ మీది గీతను గీసినవాడి చేతే చెరిపించారు. అదీ అతని సొంత చెల్లెలి ఇంటి దగ్గరే మొదలుపెట్టించారు. కొత్త ప్రభుత్వం వచ్చిన వారానికే మేస్త్రీ సున్నం బకెట్టు తెచ్చి పెయింటరు కాళ్ల దగ్గర పెట్టి, "గీసింది నువ్వే, తుడిచేదీ నువ్వే బాబాయ్. ఇంకొకణ్ణి పిలిస్తే వాడికి కూలి దండగ" అన్నాడు. చుట్టూ చేరినవాళ్లు నవ్వారు. పెయింటరూ నవ్వాడు, నవ్వక తప్పదు కనక.

అంతకు ముందు ప్రభుత్వం ఏటి పక్క వీధులన్నిట్లో ఎర్రగీత గీయించింది. ఎండలు ముదిరిపోతున్నాయి, వానలు మునుపటిలా ఉండవు, ఏరు పొంగితే నీళ్లు ఇంతవరకూ వస్తాయి అని దాని అర్థం. చెల్లెలింటికి ఆ గీత కిటికీ ఎత్తున పడింది. అలా మునిగే ఇళ్లవాళ్లకి గుట్ట మీద కొత్త ఇళ్లన్నారు. మొగుడు పోయాక కుట్టుమిషను మీద కూతుర్ని సాకుతున్న మనిషి, తీరిక దొరికితే చాలు, గుట్టెక్కి తనకొచ్చే ఇంటిని చూసుకుని వచ్చేది. గోడలు లేచాయి, కప్పు పడలేదు. ఇంతలో ఎన్నికలొచ్చాయి. గీత వల్ల స్థలాల ధరలు పడిపోయాయనీ, అదంతా జనాన్ని బెదరగొట్టే ఎత్తనీ మైకుల్లో అరిచినవాళ్లే గెలిచారు. ఆ గోడల మధ్య ఇప్పుడు మేకలు పడుకుంటున్నాయి.

మరుసటి ఎన్నికల్లో ఎవరికీ సరిపడా సీట్లు రాలేదు. మొదట గీత గీయించిన పాతవాళ్లు ఇంకో పార్టీ చెయ్యి పట్టుకుని గద్దెనెక్కారు. గీత మళ్లీ గియ్యమన్నారు, కాకపోతే గడప ఎత్తునే. అంతకు మించి పైకి జరిపితే పొత్తు చెడుతుందట. ఈ ఒప్పందానికి ఏరు కూడా ఒప్పుకుందా అని పెయింటరు అడిగితే, "నీకెందుకు బాబాయ్, బ్రష్షు ముంచు" అన్నాడు మేస్త్రీ. అతను ముంచాడు.

చెల్లెలు మాత్రం సంబరపడింది. గుట్ట మీద ఇల్లు ఎలాగూ రాదు. గీత కిందికి దిగింది కనక ఉన్న ఇల్లన్నా అమ్ముడుపోతుంది. కొనడానికి మనిషి కూడా దొరికాడు. బేరం తెగేదాకా ఇక్కణ్ణుంచి కదలనంది.

ఆ ఏడు వాన పట్టింది, వదల్లేదు. గోడలు నానిపోయాయి. సున్నం కింద దాగిన పాత ఎరుపు కిటికీ ఎత్తున మెల్లగా పైకి తేలింది. ఒక్క ఇంటికి కాదు, వీధి పొడుగునా. గడప దగ్గరి కొత్త గీతను, ఏరు ఎగదన్నిన వీధి కాలవ నీళ్లు అప్పటికే నాకుతున్నాయి.

చెల్లెలు కబురు పెడితే పెయింటరు బకెట్టుతో వచ్చాడు. ఆమె గుమ్మంలోనే నిలబడి ఉంది.

"రేపు కొనేవాళ్లు వస్తున్నారు అన్నయ్యా. ఆ ఎరుపు కనబడకుండా ఇంకో పూత వేసి పో, నీకు పుణ్యముంటుంది."

తడిగోడకి సున్నం పట్టదని ఇద్దరికీ తెలుసు. మా ఇంటికి వచ్చెయ్యమని అతను అప్పటికే చాలాసార్లు బతిమాలాడు. ఇల్లొదిలి పారిపోయిందని తెలిస్తే కొనేవాడు మళ్లీ ఇటు తిరిగి చూడడని ఆమె పట్టు. లోపల మేనకోడలు కుట్టుమిషను పక్కన చేరి గుడ్డపేలికలతో బొమ్మ చేసుకుంటోంది. అతను పిల్లవంక చూశాడు, కాలవవంక చూశాడు, బకెట్టు కింద పెట్టాడు.

అన్నాచెల్లెళ్లు కలుసుకోవడం అదే ఆఖరు.

"వేస్తాలేమ్మా" అన్నాడు. "ముందు పిల్లకి చెప్పులు తొడుగు. దాన్ని నాతో తీసుకుపోతా."