రోలు చప్పుడుతో సహా

ఈ మధ్య కంప్యూటర్ మార్చాను. పాత క్యాసెట్ నుంచి ఎక్కించి దాచుకున్న, మేము బాపు అని పిలిచే మా నాన్న పాటను కొత్తదాంట్లో పెట్టి వింటే గొంతు నున్నగా, కడిగిన పళ్ళెంలా వచ్చింది. వెనక ఉండాల్సిన రుబ్బురోలు చప్పుడు మాత్రం లేదు. ఫైలు చెడిపోయిందేమో అనుకున్నాను. తర్వాత తెలిసింది, నన్ను అడగకుండానే ఆ యంత్రం శబ్దాన్ని శుభ్రం చేసి వినిపిస్తోందని. ఉన్నది ఉన్నట్టు పలికించడానికి సెట్టింగులన్నీ వెతుకుతుంటే యాకూబ్ మామ గుర్తొచ్చాడు. ఆయన ఉంటే దీన్ని నాలుగు తిట్టి ఉండేవాడు.

ఎనభైలలో హనుమకొండ సుబేదారిలో మా పక్కిల్లు ఆయనది. ఊళ్ళో క్యాసెట్ల మీదికి పాటలు ఎక్కించే దుకాణం నడిపేవాడు. అప్పుడు ఊరంతా గొంతును మారుమోగించే ఎకో మోజు. బేసు దడదడలాడితేనే గిరాకీ. మామ మాత్రం బేసు, ట్రెబుల్ మీటలను సరిగ్గా మధ్యలో నిలిపి, కదలకుండా దవాఖాన ప్లాస్టరు అతికించేశాడు. నకలు తీశాక వచ్చినవాళ్ళను కళ్ళు మూసుకోమని, అసలు కాసేపు, నకలు కాసేపు వినిపించి ఏది ఏదో చెప్పమనేవాడు. తేడా పట్టుకుంటే చెరిపి మళ్ళీ ఎక్కించేవాడు. తొందరలో ఉన్నవాళ్ళకు ఒళ్ళు మండేది.

"జర ఎకో పెట్టు భాయ్, పెండ్లిల మంచిగుంటది" అని ఎవరో బతిమాలడం నేను విన్నాను.

"నేను నకలు తీస్తా. సింగారం చెయ్య. సింగారం గావాల్నంటే పక్క దుకాణంకు పో" అన్నాడు మామ, తల ఎత్తకుండానే. ఆయనకు పొగరని అప్పుడు అనుకున్నాను. ఇప్పుడూ కొంత అనుకుంటాను.

మా బాపుది బట్టల దుకాణం. ఆదివారం పొద్దున నడిమింట్లో కూర్చుని గొంతెత్తి పాడేవాడు. అమ్మ వెనక అర్రలో పిండి రుబ్బుతూ, "పాడితే పొయ్యి మండుతదా?" అని గొణిగేది. ఒకసారి అన్న ఎవరిదో టేపురికార్డరు అడిగి తెచ్చి బాపు పాట పట్టాడు. బాపు గొంతుకు మిగిలిన ఆనవాలు అదొక్కటే. బాపు పోయాక అమ్మ అన్నం సరిగా ముట్టలేదు. పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్ళతోనూ ఒకటే మాట: "ఒక్కనాడన్న ఆయన పాట ఇన్లేదు. నా అసొంటి పాపిష్టిది ఉంటదా?" ఏం చెప్పినా వినేది కాదు. రోజురోజుకూ చిక్కిపోతుంటే మాకు భయమేసింది.

సంవత్సరీకానికి వచ్చే చుట్టాలకు ఇవ్వడానికి నకళ్ళు కావాలని అన్నా నేనూ ఆ క్యాసెట్ పట్టుకుని మామ దుకాణానికి వెళ్ళాం. పొరపాటున ఎవరూ దాని మీద ఇంకోటి ఎక్కించకుండా మామ ముందు క్యాసెట్ వెనకున్న రెండు పళ్ళు విరగ్గొట్టాడు.

"మామా, ఆ రోలు మోత తీసెయ్. అమ్మ ఇంటే ఇంకింత ఏడుస్తది" అన్నాడు అన్న.

"తీస్తే బాపు గొంతుల సగం గుడ పోతది. ఆగు, ముందుగల్ల ఇననియ్యి."

హెడ్‌ఫోన్ పెట్టుకుని మొత్తం విన్నాడు. టేపు వెనక్కి తిప్పి మళ్ళీ విన్నాడు. తర్వాత దాన్ని నా చెవులకు తగిలించి, "బాపును గాదు బిడ్డా, రోలును ఇను" అన్నాడు. బాపు గొంతు పైకి ఎక్కినప్పుడల్లా రోలు ఆగుతోంది. కిందికి దిగాక మళ్ళీ తిరుగుతోంది. హెడ్‌ఫోన్ తీసి అన్నకు ఇచ్చాను. అన్న కూడా విని, "ఉండనియ్యి మామా" అన్నాడు.

ఆ సాయంత్రం మామే టేపురికార్డరు మోసుకుని మా ఇంటికి వచ్చాడు. పాట మొదలవగానే అమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. "సూడుండ్రి, నా రోలు మోతల ఆయన పాట ఆగమైంది."

"ఆగం గాలే అక్కా. ఇగో, ఇక్కడ రోలు ఆపినవ్. ఎందుకాపినవ్?"

అమ్మ తడబడింది. "పిండి గట్టిగైంది గావచ్చు. నీళ్ళు పోయనీకె ఆపిన."

మామ టేపు వైపు వేలు చూపాడు. పాట సాగింది. రోలు మళ్ళీ ఆగింది, ఇంకోసారి ఆగింది.

"గాయిన గొంతు పైకెక్కినప్పుడే గట్టిగైతాందా అక్కా నీ పిండి?"

అమ్మ నవ్వింది. బాపు పోయాక ఆమె నవ్వడం అదే మొదలు. నవ్వుతూనే ఏడ్చింది. ఆ పూట మేము అడగకుండానే కంచం ముందు కూర్చుంది.

మామ ఇప్పుడు లేడు, అమ్మా లేదు. అమ్మ మాట ఎక్కడా రికార్డు కాలేదు. ఆమెకు సంబంధించి నా దగ్గర మిగిలినది ఆ చప్పుడే. నచ్చనిదాన్ని తీసెయ్యబోయే ముందు అది అక్కడ ఎందుకుందో ఒకసారి వినాలన్నది మామ దగ్గర అబ్బిన అలవాటు. మనుషుల విషయంలో నాకది చాలాసార్లు పనికొచ్చింది.

చివరికి ఆ సెట్టింగు దొరికింది. తీసేసి పాట మొదటినుంచి పెట్టాను. వెనక అర్రలో రోలు తిరుగుతోంది. బాపు గొంతు పైకి ఎక్కింది. అమ్మ రోలు ఆపింది.