బెంచీ మీద గుమ్మరించిన బ్యాగు

నేను తొమ్మిదో తరగతి చదివే రోజుల్లో మేము అమీర్‌పేటలో రెండు గదుల పోర్షన్‌లో ఉండేవాళ్లం. ముందు గదిలో నాన్న, ఆయన ఆఫీసు ఫైళ్లు, టీవీ. లోపలి గదిలో వంట, అమ్మ, తమ్ముడు, నేను. బీరువాలో నా బట్టలకని ఒక అర ఉండేది కానీ, అందులోకి తమ్ముడి స్వెటర్లూ అమ్మ పట్టుచీరలూ వచ్చి చేరేవి. ఆ ఇంట్లో పూర్తిగా నాది అని చెప్పుకోగలిగింది స్కూలు బ్యాగు ఒక్కటే. లంచ్ బాక్సు కావాలన్నా అమ్మ నన్నే తీసివ్వమనేది తప్ప, తనంతట తాను జిప్పు లాగేది కాదు.

ఆ బ్యాగు లోపలి అరలో, చిన్న గుడ్డ పర్సులో నా మాత్రలు ఉండేవి. ఎనిమిదో తరగతి అయ్యాక వేసవి సెలవుల్లో నాకు మొదటిసారి ఫిట్స్ వచ్చాయి. పంజాగుట్టలో డాక్టరు గారు పరీక్షలన్నీ చేయించి, భయపడాల్సిందేమీ లేదు, వేళకు మాత్రలు వేసుకుంటే చాలన్నారు. మధ్యాహ్నం మాత్ర స్కూల్లోనే వేసుకోవాలి.

"స్కూల్లో ఎవరికీ చెప్పొద్దు. ఆడపిల్ల. రేపు నలుగురూ నాలుగు రకాలుగా అనుకుంటారు" అన్నారు నాన్న.

నాకూ చెప్పాలని లేదు. అయితే నా కారణం వేరు. ఆ వేసవి నుంచి ఇంట్లో నన్ను చూసే చూపు మారిపోయింది. స్నానానికి వెళ్తే తలుపు గడియ పెట్టొద్దనేవారు. గిన్నె కింద పడి చప్పుడైతే చాలు, అందరూ నా వైపు పరుగెత్తుకొచ్చేవారు. స్కూల్లోనైనా నన్ను మామూలుగా చూసేవాళ్లు మిగలాలని నా ఆశ.

నా పక్కన కూర్చునే అమ్మాయిది, సినిమా పనివాళ్లు ఎక్కువగా ఉండే కృష్ణానగర్. వాళ్ల నాన్న షూటింగుల్లో లైట్లు బిగించే పని చేసేవారు. మాత్ర వేసుకునేటప్పుడు నేను గోడవైపు తిరిగేదాన్ని. తను చూసేదో లేదో నాకు తెలియదు. ఎప్పుడూ ఏమీ అడగలేదు.

దసరా సెలవులయ్యాక ఒకరోజు, ఎవరో పిల్లలు క్లాసులో ఒక సారు కునికిపాట్లు పడుతుంటే ఫోన్‌లో వీడియో తీసి గ్రూపులో పెట్టారు. స్కూలుకు ఫోన్లు తేకూడదు. ప్రిన్సిపాల్ మేడం అన్ని క్లాసుల్లోనూ బ్యాగులు వెతకమన్నారు. మా క్లాస్ టీచరు లెక్కల మేడం. లోపలికి వస్తూనే తలుపు వేశారు.

"అందరు బ్యాగులు బెంచీ మీద గుమ్మరించుండ్రి. ఎవ్వరు చెయ్యి పెట్టొద్దు. నేనే చూస్త."

పుస్తకాలు, దువ్వెనలు, పాచిపోయిన చపాతీ చుట్టిన కాగితం, ఒకమ్మాయి బ్యాగులోంచి శానిటరీ ప్యాడ్. వెనక బెంచీల్లో మగపిల్లలు నవ్వారు. ఆ అమ్మాయి చటుక్కున నోటుపుస్తకం కప్పబోతే మేడం "చెయ్యి తియ్యి" అన్నారు. తర్వాత మా బెంచీ దగ్గరికి వచ్చారు. మేడం గుడ్డ పర్సు విప్పి, మాత్రల పట్టీ బయటికి తీసి, వెలుతురుకు ఎత్తి పట్టుకున్నారు.

"ఇవేం గోలీలు? ఎవలిచ్చిండ్రు నీకు?"

ఆమె గొంతులో కోపం కన్నా కంగారు ఎక్కువుంది. పిల్లలకు మత్తుమందులు అలవాటు చేస్తున్నారని అప్పట్లో ఎక్కడ చూసినా అదే మాట. ఆమెకు ముందు అదే తోచి ఉంటుంది. ఆ సంగతి ఇప్పుడు అర్థమవుతుంది. అప్పుడు మాత్రం నాకు క్లాసంతా నా వైపు తిప్పిన ముఖాలే కనిపించాయి.

"నిన్నే అడుగుతున్న."

"అవి నావి మేడం" అంది నా పక్కనున్న అమ్మాయి.

"నీవైతే ఆమె బ్యాగుల ఎందుకున్నయ్?"

"నా బ్యాగు జిప్పు ఖరాబైంది మేడం. పడిపోతయని అండ్ల పెట్టిన."

మేడం ముఖం మారిపోయింది. "నువ్వు కృష్ణానగర్ కదా. మీ నాయన సినిమాలల్ల పనిచేస్తడు కదా. నడువ్ ఆఫీసుకు."

అవేం మాత్రలని నన్ను అడిగారు. నా స్నేహితురాలిని ఆ ప్రశ్న కూడా అడగలేదు.

దాన్ని తీసుకెళ్లి అప్పజెప్పి వచ్చి మేడం పాఠం మొదలుపెట్టారు. నా సామాను ఇంకా బెంచీ మీదే చెల్లాచెదురుగా ఉంది. పక్కన ఖాళీ. నేను నోరు తెరిస్తే అందరికీ తెలిసిపోతుంది. తెరవకపోతే వాళ్ల నాన్నను పిలుస్తారు. బోర్డు మీద ఏం రాశారో ఒక్క అక్షరం కూడా కనపడలేదు. లేచి నిలబడి, "మేడం, నేను ఆఫీసుకు వెళ్లాలి" అని, వెళ్లమనేదాకా ఆగకుండా వెళ్లిపోయాను.

ఆఫీసు గదిలో అది గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ప్రిన్సిపాల్ మేడం అప్పుడే ఫోన్ పెట్టేస్తున్నారు. గుమాస్తా, ఆయా కూడా అక్కడే ఉన్నారు.

"ఆ మాత్రలు నావి మేడం. నాకు ఫిట్స్ వస్తాయి" అన్నాను.

ఆ మాట ఇంటి బయట అనడం అదే మొదటిసారి. గుమాస్తా రాస్తున్నది ఆపి నన్ను పైనుంచి కిందికి చూశాడు. నేను ఏ చూపుకైతే భయపడ్డానో అదే చూపు.

"అయ్యో తల్లీ, ముందే చెప్పొచ్చు కదా! ఇంత గొడవ ఉండేదా?" అన్నారు ప్రిన్సిపాల్ మేడం. అమ్మకు ఫోన్ చేసి జరిగింది చెప్పారు.

ముందు దాని వాళ్ల నాన్న వచ్చారు. పనిలోంచి నేరుగా వచ్చినట్టున్నారు, చొక్కా భుజాల మీద దుమ్ము. క్లాసులో మేడం ఏమన్నారో అది ఆయనకు మెల్లగా చెప్పింది. ఎదురుగా కుర్చీలున్నా ఆయన్ను కూర్చోమని ఎవరూ అనలేదు. కాసేపటికి అమ్మ ఆటో దిగి వచ్చింది. "రండి, కూర్చోండి" అంటూ ప్రిన్సిపాల్ మేడం లేచారు. అమ్మ నిలబడి ఉన్నాయన వైపు చూసింది.

"ఆయన కూర్చుంటే నేనూ కూర్చుంటానండి."

ఇద్దరూ కూర్చున్నారు.

"పిల్లల క్షేమం కోసమే కదండీ ఇదంతా" అన్నారు ప్రిన్సిపాల్ మేడం. "ఈ రోజుల్లో బ్యాగుల్లో ఏమేం దొరుకుతున్నాయో మీకు తెలియదు. మీరైనా ముందు మాకో మాట చెప్పాల్సింది."

"చెప్పాల్సిందే. మీకు చెప్పాలి. క్లాసులో అందరికీ ఎందుకు చెప్పాలండీ? వెతకొద్దు అనట్లేదు నేను. అనుమానం ఉన్న పిల్లను ఈ గదిలోకి పిలిచి, నీ బ్యాగు తియ్యమ్మా అంటే తియ్యదా? అందరి ముందూ గుమ్మరించడం ఏంటి?"

"పిల్లలకు దాచుకోవాల్సినవి ఏముంటాయండీ?"

"నాకున్నాయి. మీకూ ఉన్నాయి. ఆ టేబుల్ మీద మీ హ్యాండ్‌బ్యాగు ఉంది. నేనిప్పుడు దాన్ని ఇక్కడ బోర్లించి ఒక్కోటీ తీసి ఇదేంటి అదేంటి అని అడిగితే ఊరుకుంటారా?"

అమ్మ ఇంటి ఓనరు నీళ్లు ఆపేసినా గట్టిగా ఒక మాట అనని మనిషి. ప్రిన్సిపాల్ మేడం చెయ్యి తెలియకుండానే హ్యాండ్‌బ్యాగు మీదికి వెళ్లింది.

అప్పుడు దాని వాళ్ల నాన్న నెమ్మదిగా అన్నారు. "నా బిడ్డ అబద్ధం చెప్పింది, తప్పే మేడం. ఇంటికాడ నేను చెప్త. గని, కృష్ణానగర్ అని ఎందుకన్నరో గదొక్కటి జర నాకు సమజ్ కాలే."

ప్రిన్సిపాల్ మేడం అమ్మ వైపు తిరిగి "సారీ అండీ" అన్నారు.

"నాకు కాదండీ, ముందు ఆయనకు చెప్పండి."

ఆమె టేబుల్ వైపు చూస్తూ, ఆయనకూ చెప్పారు.

బయటికి వచ్చాక అమ్మా ఆయనా ముందు నడుస్తున్నారు. మేమిద్దరం మెట్రో స్తంభాల పక్కగా వెనకబడ్డాం.

"నీవని ఎందుకు చెప్పావే?" అన్నాను.

"నువ్వు ఏడ్చెటట్టున్నవ్. ఏదో ఒకటి అనాలె కదా."

"అవేం మాత్రలో నీకు తెలుసా?"

"నాకెట్ల తెలుస్తది? రోజు గోడదిక్కు తిరిగి ఏస్కుంటవ్. చెప్పాలనిపిస్తే నువ్వే చెప్తవనుకున్న."

ఫిట్స్ అన్న మాట అది ఆఫీసులో విన్నదే. అయినా మొదటి నుంచి చెప్పాను. ఆ వేసవి మధ్యాహ్నం పళ్లెం ముందు కూర్చున్నది గుర్తుండడం, తర్వాత కళ్లు తెరిస్తే పక్కింటావిడ ఏడుస్తూ కనపడడం, నాలుక కొరుక్కుని నాలుగు రోజులు కారం తినలేకపోవడం. అమ్మకు కూడా చెప్పని సంగతులు కొన్ని. ఆఫీసులో ఒక్క ముక్కలో చెప్పినప్పుడు ఒంటి మీద బట్ట లాగేసినట్టు అనిపించింది. రోడ్డు మీద హారన్ల మధ్య అంతా విప్పి చెప్పినా అలా అనిపించలేదు.

"మళ్ల వస్తే నేనేం జెయ్యాలె?" అంది.

"పక్కకు తిప్పి పడుకోబెట్టు. నోట్లో ఏమీ పెట్టొద్దు. చేతిలో తాళాలు పెట్టనివ్వొద్దు. అంతే."

మర్నాటికి క్లాసంతా తెలిసింది. ముందు బెంచీ అమ్మాయి ఒకతె నాతో కలిసి తినడం మానేసింది, కొన్నాళ్లకు తనే మళ్లీ డబ్బా పట్టుకుని వచ్చింది. నాన్న అమ్మ మీద కేకలేశారు, ఊరంతా టాంటాం చేశారని. తర్వాత ఒక శనివారం తనే స్కూలుకు వెళ్లి, ఫిట్స్ వస్తే ఏం చెయ్యాలో టీచర్లకు చెప్పి వచ్చారు. మాతో ఆ మాట చెప్పలేదు, లెక్కల మేడం ద్వారా తెలిసింది. బ్యాగుల తనిఖీ ఆగలేదు. కానీ ఆఫీసు పక్క గదిలో, ఒక్కొక్కరినే పిలిచి, ఎవరి బ్యాగు వాళ్లతోనే తీయించేవారు. లెక్కల మేడం నా స్నేహితురాలికి సారీ చెప్పగా నేను వినలేదు.

పదో తరగతిలో, లెక్కల పీరియడ్‌లో, నాకు మళ్లీ ఫిట్స్ వచ్చాయి. మెలకువ వచ్చేసరికి నేల మీద పక్కకు తిరిగి పడుకుని ఉన్నాను. నా స్నేహితురాలు నా లంగా అంచు కాళ్ల మీదికి సర్దుతోంది. క్లాసులో ఇంకెవరూ లేరు. అందరినీ వరండాలోకి పంపేశారు. పిల్లలెవరూ తొంగిచూడకుండా లెక్కల మేడం తలుపుకు అడ్డంగా, మా వైపు వీపు పెట్టి నిలబడి ఉన్నారు. నేను లేచి కూర్చుని, మంచినీళ్లు తాగి, జడ ముడేసుకునేదాకా ఆమె ఇటు తిరగలేదు.